ఉమ్మడి క్యాటలాగులో సెట్ల పని: కొత్త క్యాటలాగరుకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

పలు గ్రంథాలయాలు కలిసి వాడే ఉమ్మడి క్యాటలాగులో బహుసంపుట సెట్ల పని నీకు అప్పగించారని, ఒకే సెట్టును ఒక్కో గ్రంథాలయం ఒక్కోలా ఎక్కించిందని, ఎవరిది సరైనదో తేలడం లేదని రాశావు. చాలాసార్లు ఇద్దరిదీ సరైనదే. సెట్టుకంతా ఒక రికార్డు, సంపుటానికొక రికార్డు అనే ఆ రెండు పద్ధతులూ ఒకే క్యాటలాగులో పక్కపక్కన ఉండటమే తంటా. మూడో సంపుటానికి హోల్డ్ (తనకు కావాలని ముందస్తు అభ్యర్థన) పెట్టిన పాఠకుడికి ఒకటో సంపుటం చేరుతోందంటే మూలం అక్కడే వెతుకు. కాబట్టి ఏ పద్ధతి గొప్పదన్న వాదనలోకి దిగకు. నెట్‌వర్క్ మొత్తానికి ఒకటి తేల్చి, దాన్ని రాతలో పెట్టించు.

ముందుగా బిబ్ రికార్డు, అంటే పుస్తకాన్ని వర్ణించే ఉమ్మడి రికార్డు సంగతి. ఇకపై నేను చెప్పే మూడంకెల సంఖ్యలు మార్క్ అనే రికార్డు రూపంలోని ఫీల్డులు; ఫీల్డులోని చిన్న భాగం సబ్‌ఫీల్డ్, ఫీల్డు మొదట్లో ఉండే గుర్తు ఇండికేటర్. అది ప్రచురణకర్త వేసిన మొత్తం సెట్టు గురించి చెప్పాలి, నీ అల్మారా గురించి కాదు. ఐదు సంపుటాల సెట్టులో నీ దగ్గర ఒకటి, మూడు మాత్రమే ఉన్నాయనుకో. పరిమాణం చెప్పే 300లో ‘2 సంపుటాలు’ అని దిద్దావంటే ఐదూ ఉన్నవాళ్ల రికార్డును చెడగొట్టినట్టే. రేపు వాళ్లలో ఒకరు అది చూసి, ఇదేదో వేరే ముద్రణ అనుకుని కొత్త రికార్డు తయారుచేస్తారు. డూప్లికేట్లు చాలావరకు ఇలాగే పుట్టుకొస్తాయి. నీ దగ్గర ఏముందో చెప్పడానికి హోల్డింగ్స్ (ఒక్కో గ్రంథాలయం దగ్గరున్న ప్రతుల వివరాలు) ఉన్నాయి. మార్క్ హోల్డింగ్స్ వాడే చోట అది 866, లేనిచోట ఒక్కో ఐటెమ్ (ఒక్కో ప్రతి) మీద ఉండే, ఎన్నో సంపుటమో చెప్పే భాగం లేబుల్.

సెట్టు ఇంకా వెలువడుతూ ఉంటే రికార్డును తెరిచి ఉంచాలి. ప్రచురణ వివరాలుండే 264లో సబ్‌ఫీల్డ్ ‘సి’ దగ్గర మొదటి సంపుటం సంవత్సరం వేసి గీత పెట్టి వదిలెయ్: 2015-. యంత్రం చదివే సంకేతాలుండే 008లో తేదీ రకం ‘ఎమ్’, మొదటి తేదీ 2015, రెండోది 9999. 300లో అంకె లేకుండా ఉత్త ‘సంపుటాలు’. 505లో మొదటి ఇండికేటర్ 1, అంటే విషయసూచిక ఇంకా పూర్తి కాలేదని. చివరి సంపుటం చేతికొచ్చిన రోజు ఈ నాలుగింటినీ ఒకే విడతలో మూసెయ్యాలి. 264లో 2015-2021, 008లో 2015, 2021, 300లో సంపుటాల సంఖ్య, 505 ఇండికేటర్ 0. 264 మూసి 008 మరిచిపోతే ఏమవుతుందో తెలుసా? తేదీ ఫిల్టర్లు 008నే చూస్తాయి గనుక ఆగిపోయిన సెట్టు ఏళ్ల తరబడి నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

వర్ణనకు ఆధారం ఒకటో సంపుటమే. తర్వాతి సంపుటాల మీద టైటిల్ కొంచెం మారితే అసలు టైటిల్ ఉండే 245ని కదపకుండా, మారిన రూపాల కోసం ఉన్న 246లో చేర్చు. నీకు మూడో సంపుటం మాత్రమే వచ్చి, క్యాటలాగులో రికార్డే లేకపోతే? దాన్ని బట్టే రాయి, కానీ 588లో ‘మూడో సంపుటం ఆధారంగా వర్ణన’ అని తప్పకుండా పెట్టు. ఒకటో సంపుటం ఉన్న గ్రంథాలయం తర్వాత ఆ రికార్డును ధైర్యంగా దిద్దగలిగేది ఆ ఒక్క వాక్యం వల్లనే.

ఇక అందరూ తగువులాడుకునే ప్రశ్న: సెట్టుకంతా ఒక రికార్డా, సంపుటానికొక రికార్డా? గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ ఎప్పుడో బహుసంపుట గ్రంథాలను రెండు రకాలుగా విడదీశారు. అన్ని సంపుటాలకూ ఒకే టైటిల్ ఉండేవి మొదటి రకం, ప్రతి సంపుటానికీ సొంత టైటిల్ కూడా ఉండేవి రెండో రకం. ఆ గీత ఈనాటికీ పనికొస్తుంది. నేనైతే దాన్ని పాఠకుడి వైపు నుంచి చూస్తాను. పాఠకుడు ఈ సంపుటాన్ని అంకెతో అడుగుతాడా, పేరుతో అడుగుతాడా? ‘విజ్ఞాన సర్వస్వం నాలుగో సంపుటం’ అని అడిగేదైతే ఒకే రికార్డు చాలు. ప్రతిదానికీ వేరే రచయిత, వేరే పేరు ఉండి, విడిగా అమ్ముడుపోయి, విడిగా చదువుకునేదైతే దేని రికార్డు దానికే ఉండాలి. మొత్తం సెట్టు పేరు 490లోకి, 830లోకి గ్రంథమాలగా వెళ్తుంది. 830లో సంపుటం అంకె ఉండే సబ్‌ఫీల్డ్ ‘వి’ దగ్గర ఒకరు ‘2’ అని, ఇంకొకరు ‘సం. 2’ అని రాస్తే గ్రంథమాల జాబితా వరుస తప్పుతుంది. అది కూడా నియమంలోకి ఎక్కించు.

మధ్యరకం ఒకటుంది, సతాయించేది అదే. సెట్టుకొక పేరు, ప్రతి సంపుటానికీ అంకెతో పాటు ఒక ఉపశీర్షిక. ఇక్కడ పుస్తకం కంటే నీ సాఫ్ట్‌వేరును చూసి నిర్ణయించు. ఎవర్‌గ్రీన్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులో ఒకే రికార్డు కింద భాగాలు పెట్టి, భాగానికే హోల్డ్ పెట్టొచ్చు. అలాంటిదే మరో సాఫ్ట్‌వేరు కోహా కొత్త వెర్షన్లలో ఐటెమ్ గ్రూపులతో అలాంటి వీలే ఉంది. ఇలాంటి సౌకర్యం ఉంటే ఒకే రికార్డు పెట్టి, ఉపశీర్షికలన్నీ 505లో రాసి, పేరుతో వెతికేవాళ్ల కోసం రెండో ఇండికేటర్ 2తో అదనపు టైటిళ్ల 740లు చేర్చు. సౌకర్యం లేకపోతే, లేదా ఉన్నా మీ నెట్‌వర్క్ దాన్ని ఆన్ చేయకపోతే, విడివిడి రికార్డులే మేలు. ఎందుకంటే అక్కడ పాఠకుడికి మిగిలేవి రెండే దారులు. టైటిల్ మీద హోల్డ్ పెడితే ఏ సంపుటమైనా రావచ్చు. ఒక నిర్దిష్ట ఐటెమ్ మీద పెడితే ఆ ఒక్క ప్రతి కోసమే ఎదురుచూడాలి, పక్క గ్రంథాలయంలో అదే సంపుటం ఖాళీగా ఉన్నా రాదు.

ఈ మధ్యరకానికి విడి రికార్డు రాసేటప్పుడు 245లో వరుస ఇది: ‘ఎ’లో సెట్టు పేరు, చుక్క, ‘ఎన్’లో సంపుటం 2, కామా, ‘పి’లో ఉపశీర్షిక. అంకె లేకుండా పేరు మాత్రమే ఉంటే చుక్క తర్వాత నేరుగా ‘పి’. ఉపశీర్షికను ‘బి’లో పడేసేవాళ్లు ఎక్కువ. అలా చేస్తే టైటిల్ వరుసలో సంపుటాలు చెదిరిపోతాయి. రికార్డు మొదట్లో ఉండే సంకేతాల వరుస లీడర్‌లో 19వ స్థానాన్ని కూడా ఖాళీగా వదలకు. మొత్తం సెట్టుకు ‘ఎ’, సొంతంగా నిలబడే టైటిల్ ఉన్న భాగానికి ‘బి’, సెట్టు పేరు లేకుండా అర్థం కాని భాగానికి ‘సి’.

ఏ నిర్ణయమైనా పుస్తకం తీసుకోగానే కాదు, వెతికాక. సెట్టు పేరుతో ఒకసారి, సంపుటం పేరుతో ఒకసారి, ఐఎస్‌బీఎన్‌తో (పుస్తకానికి ఇచ్చే ప్రత్యేక సంఖ్యతో) ఒకసారి వెతుకు. తోటి గ్రంథాలయాలు ఇప్పటికే ఒకే రికార్డు మీద ఉంటే, నీకు నచ్చకపోయినా దానికే నీ ఐటెమ్ తగిలించు. విడదీయాలనిపిస్తే ముందు ప్రతిపాదన పెట్టు. నువ్వొక్కడివే విడి రికార్డు చేశావంటే హోల్డుల క్యూ రెండుగా చీలుతుంది.

ఐఎస్‌బీఎన్ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. సెట్టుకొకటి, ప్రతి సంపుటానికొకటి విడిగా ఇవ్వడం మామూలే. ఒకే రికార్డు పద్ధతిలో అన్నింటినీ 020లలో రాసి, ప్రతిదానికీ సబ్‌ఫీల్డ్ ‘క్యూ’లో ఏది సెట్టుదో, ఏది ఎన్నో సంపుటానిదో చెప్పాలి. విడి రికార్డుల్లో ఆ సంపుటానిది మాత్రమే ‘ఎ’లో ఉండాలి. సెట్టు ఐఎస్‌బీఎన్‌ను ప్రతి విడి రికార్డులోనూ ‘ఎ’లో పెడితే, రేపు ఎవరైనా ఐఎస్‌బీఎన్ ఆధారంగా రికార్డులు గుంపుగా దింపినప్పుడు (ఇంపోర్ట్ చేసినప్పుడు) వ్యవస్థ అన్ని సంపుటాలనూ ఒకటే అనుకుంటుంది. ఒకదాని మీద ఒకటి రాసుకుపోతుంది, రెండో సంపుటం వర్ణన కింద ఒకటో సంపుటం బార్‌కోడ్లు మిగులుతాయి. మీ నియమం ఒప్పుకుంటే సెట్టుదాన్ని, రద్దయిన లేదా చెల్లని సంఖ్యలుండే ‘జెడ్’లో పెట్టు. దింపుడు నియమాలు ‘జెడ్’ను సరిపోలికకు వాడకుండా చూడమని సిస్టమ్స్ వాళ్లకు చెప్పు, లేకపోతే చేసిన పని వృథా.

ఇప్పుడు లేబుల్. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నీ టైమ్‌లో సగం తినేది ఇదే. ‘సం.1’, ‘సం. 1’, ‘సంపుటం 1’, ‘వాల్యూమ్ 1’, ‘భాగం ఒకటి’ మనకు ఒకటే. యంత్రానికి ఐదు వేర్వేరు భాగాలు. ‘సం.1’కు హోల్డ్ పెడితే ‘సం. 1’ అన్న ప్రతి షెల్ఫులో కదలకుండా కూర్చుంటుంది. అందుకని చుక్క తర్వాత ఖాళీ ఉండాలా వద్దా అన్నంత వరకూ రాసిపెట్టుకోవాలి. నా సూచన: ‘సం.’ తర్వాత ఖాళీ లేకుండా 1, 2, 3 అంకెలు. టైటిల్ పేజీ మీద రోమన్ అంకె ఉన్నా, తెలుగు అంకె ఉన్నా, మాటల్లో ఉన్నా 245లో ఉన్నదున్నట్టు రాయి, లేబుల్‌లో మాత్రం మార్చు. సాఫ్ట్‌వేరు అక్షరాల వరుసలో పేర్చేదైతే 1 తర్వాత 10, 11 వచ్చి ఆ తర్వాత 2 వస్తుంది. అలాంటి చోట సం.01, సం.02 అని సున్నా పెట్టాలి, అదీ మొదటి సంపుటం నుంచే. మధ్యలో మొదలుపెడితే పాతవన్నీ తిరిగి దిద్దాలి, వాటిమీద ఉన్న హోల్డులనూ చూసుకోవాలి.

సూచిక సంపుటానికి ‘సూచిక’, అనుబంధాలకు ‘అనుబంధం 1’ అని ఉంచు. లేని అంకె కల్పించకు. మీ గ్రంథాలయం రెండు సంపుటాలను కలిపి బైండు చేయించుకుంటే అది మీ సొంత వ్యవహారం, 300ను ముట్టుకోకు. ఆ ఐటెమ్‌కు ‘సం.1-2’ అని పెట్టు. దాన్ని ‘సం.2’ హోల్డ్ పట్టదు గనుక, ఇందులో రెండూ ఉన్నాయని పాఠకులకు కనిపించే నోట్ రాయి. ప్రచురణే అలా వచ్చి ఉంటే అప్పుడు 300లోనే ‘1లో 2 సంపుటాలు’ అని రావాలి.

అన్నిటికంటే మోసం చేసేది అసలు లేబులే లేని ప్రతి. పది ప్రతుల్లో తొమ్మిదింటికి భాగం పెట్టి పదోదాన్ని వదిలేస్తే, భాగం హోల్డుల్లో ఏదీ దాన్ని పట్టదు, క్యూ పెరుగుతూనే ఉంటుంది. కొన్ని ప్రతులకే లేబుల్ ఉన్న రికార్డుల జాబితా ఒకటి, ఒకే రికార్డులో దాదాపు ఒకేలా ఉన్న లేబుళ్ల జాబితా ఇంకొకటి వారానికోసారి తీయించుకో. ఆ రెండు రిపోర్టులుంటే మిగతా పని అలవాటుగా సాగిపోతుంది.

కాల్ నంబరు (షెల్ఫులో పుస్తకం చోటు చెప్పే సంఖ్య) గురించి రెండే ముక్కలు. సెట్టు మొత్తానికి ఒకే వర్గ సంఖ్య, ఒకే పుస్తక సంఖ్య, చివర సంపుటం అంకె. కాల్ నంబరులో సంవత్సరం వాడే చోట మొదటి సంపుటం సంవత్సరాన్నే అన్నింటికీ వేయి, లేకపోతే 2015 సంపుటానికీ 2021 సంపుటానికీ మధ్య వేరే పుస్తకాలు వచ్చి చేరతాయి.

డిస్కులు, కిట్ల దగ్గర లెక్క మారుతుంది. నాలుగు డిస్కుల సీజన్ సెట్టు ఒకే డబ్బాలో వస్తే, అది కలిసే బయటికి వెళ్తుంది గనుక ఒకటే ఐటెమ్, ఒకటే బార్‌కోడ్. ఒక్కో డిస్కుకూ బార్‌కోడ్ అంటిస్తే పాఠకుడి పరిమితిలో నాలుగు తగ్గుతాయి, ఆలస్య రుసుమూ నాలుగింతలవుతుంది. సీజన్‌కొక రికార్డు పెట్టి 245 ‘ఎన్’లో సీజన్ అంకె రాయి. పుస్తకం ప్రధానమై, సీడీ దానికి తోడుగా వస్తే 300లో సబ్‌ఫీల్డ్ ‘ఇ’ చాలు. దేన్నీ ప్రధానమని చెప్పలేని మూట అయితేనే లీడర్ 06లో కిట్ సంకేతం ‘ఓ’ పెట్టాలి. పుస్తకంతో చిన్న సీడీ వచ్చిందని కిట్ చేసేవాళ్లున్నారు, అప్పుడు పుస్తకాలకే పరిమితం చేసిన వెతుకులాటలో అది కనబడకుండా పోతుంది.

కిట్‌లో ఏమేం ఉన్నాయో ఐటెమ్‌లో లెక్కగా రాయి: 1 పుస్తకం, 2 సీడీలు, 1 పటం. ‘వగైరా’ అని రాస్తే కౌంటర్లో ఉన్నవాళ్లు దేన్ని లెక్కపెట్టాలి? కోహాలో ఇది 952 సబ్‌ఫీల్డ్ 3లోకి వెళ్తుంది. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తుంది. సర్క్‌కన్‌ఫర్మ్‌ఐటెమ్‌పార్ట్స్ అనే సెట్టింగు ఆన్ చేస్తే లెక్క సరిచూశామని సిబ్బంది ఒప్పుకునే దాకా ముందుకు పోనివ్వదు. డబ్బా మీదా అదే జాబితా అంటించు. సీడీ పోతే ఐటెమ్ లెక్కను, డబ్బా లేబుల్‌ను దిద్దు. బిబ్ రికార్డులో 300 మాత్రం అలాగే ఉండాలి, మిగతా గ్రంథాలయాల సీడీ పోలేదు కదా.

చివరగా, పాత గందరగోళం సర్దేటప్పుడు వరుస తప్పకు. రెండు రకాల రికార్డుల్లో ఏది నిలవాలో ముందు అందరితో ఒప్పించుకో. తర్వాత పోయే రికార్డు మీదున్న హోల్డులన్నీ రాసుకో, ఎవరికి ఏ సంపుటం కావాలో కూడా. కావలసిన సంపుటం ఏదన్నది హోల్డ్ నోట్స్‌లోనే ఉండొచ్చు. ఆ తర్వాత ఐటెమ్‌లు మార్చి, వెంటనే భాగం లేబుల్ పెట్టు. లేబుల్ లేకుండా ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి టైటిల్ హోల్డులు వాటిని పట్టేసి ఉండొచ్చు. హోల్డులను సరైన భాగానికి తిరిగి పెట్టి, క్యూలో పాత తేదీల వరుస నిలిచిందో లేదో చూడు. పోయే రికార్డులోని 505, 740, ఐఎస్‌బీఎన్‌లలో పనికొచ్చేవి నిలిచే రికార్డులోకి తెచ్చుకో. రికార్డు తొలగించడం ఆ తర్వాతే, అదీ దానిమీద ఆర్డర్లో ఉన్న సంపుటం ఏదీ లేదని కొనుగోలు విభాగాన్ని అడిగాక.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి