కాలేయంలో గడ్డలు: మళ్లీ సూది పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్యకు 56 ఏళ్లు. రెండు నెలలుగా జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బాగా చిక్కిపోయారు. స్కానింగులో కాలేయంలో నాలుగైదు గడ్డలు కనిపించాయి. ఎఫ్ఎన్ఏసీ (సన్నని సూదితో కణాలు లాగి చూసే పరీక్ష) చేస్తే ఏమీ తేలలేదు. ఇప్పుడు లింఫోమా (తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్) అనుమానంతో బయాప్సీ (ముక్క తీసి చూసే పరీక్ష) అంటున్నారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందా? ఈలోగా జ్వరానికి స్టిరాయిడ్ మాత్రలు వాడవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ప్రాణాపాయం ఉందని వైద్యులు తేల్చి ఇస్తే తప్ప, బయాప్సీ అయ్యేదాకా స్టిరాయిడ్లు వద్దు. లింఫోమా కణాలు వాటికి త్వరగా కరిగిపోతాయి కాబట్టి జ్వరం తగ్గి మనిషి తేరుకున్నట్టే కనిపిస్తారు గానీ, ఆ తర్వాత తీసిన ముక్కలో చచ్చిన కణజాలమే మిగిలి, రోగం పేరు తేలకుండా పోవచ్చు. ఇప్పటికే వాడి ఉంటే దాచకుండా చెప్పండి.

ఎఫ్ఎన్ఏసీలో తేలకపోవడం వింతేమీ కాదు. అందులో విడివిడి కణాలే వస్తాయి. లింఫోమాలో ఆ కణాల అమరిక కూడా చూడాలి. అందుకే కోర్ బయాప్సీలో, చర్మానికి మత్తిచ్చి, అల్ట్రాసౌండులోనో సీటీలోనో చూస్తూ, దారప్పోగుల్లాంటి సన్నని ముక్కలు నాలుగైదు తీస్తారు.

సూదిదారి వెంట జబ్బు పాకుతుందన్న మాట ముఖ్యంగా కాలేయ కణాల్లోనే పుట్టే క్యాన్సర్ గురించి వచ్చింది, అక్కడా అరుదే. లింఫోమాకు మందు ఒళ్లంతా పనిచేసేది కనుక ఆ బెంగ అక్కర్లేదు. అసలు జాగ్రత్త రక్తస్రావం గురించి: ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం ముందే చూస్తారు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే చెప్పాలి. తర్వాత కుడి భుజం కాసేపు లాగవచ్చు. నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా వెంటనే సిబ్బందికి చెప్పండి.

రిపోర్టు ఒక్కసారిగా రాదు. మొదట మైక్రోస్కోపు కింద కనిపించిందే రాస్తారు. కణాల మీది సీడీ20, సీడీ3, సీడీ10 వంటి గుర్తులను చూపే రంగు పరీక్షలకు మరికొన్ని రోజులు పడుతుంది, ఆపైన ఎంవైసీ అనే జన్యువు మార్పు కోసం ఫిష్ అనే జన్యు పరీక్ష కూడా అడగవచ్చు. రిపోర్టులో కేఐ-67 అనే గుర్తు 80 శాతం అని చూసి చాలామంది హడలిపోతారు. నూటికి 80 కణాలు విభజన దశలో ఉన్నాయని దాని అర్థం. వేగంగా పెరిగే లింఫోమాల్లో చాలావాటికి, కాలేయంలో ఉన్నా, కీమోథెరపీతో పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది. సీడీ20 పాజిటివ్ వస్తే సాధారణంగా ఆ గుర్తున్న కణాలపై పనిచేసే రిటుక్సిమాబ్ అనే మందు కూడా ఇస్తారు. దానివల్ల లోపల అణగి ఉన్న హెపటైటిస్ బి మళ్లీ లేవవచ్చు కనుక, ఆ రక్తపరీక్ష ముందే జరిగిందో లేదో మీరే అడగండి.