అనంతపురంలో హిమాలయన్ జెయింట్ లిల్లీ పెంచొచ్చా?

ఆన్‌లైన్‌లో దుంపలు దొరుకుతున్నాయి, అనంతపురంలో మా మిద్దె మీద కుండీలో పెంచొచ్చా అని అడిగారు.

పెరగదండీ. డబ్బు దండగ.

దీని అసలు పేరు కార్డియోక్రైనమ్ జైజాంటియం. హిమాలయ అడవుల్లో సుమారు 1200 నుంచి 3600 మీటర్ల ఎత్తున, చెట్ల నీడలో, ఆకులు కుళ్లి మెత్తబడిన తడి నేలలో పెరుగుతుంది. మొదటి కొన్నేళ్లు పూల ఊసే ఉండదు. తమలపాకును బాగా పెద్దది చేసినట్టుండే నిగనిగలాడే ఆకులు మాత్రమే వస్తాయి. దుంపకు బలం చేరడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అప్పుడు ఒక వేసవిలో కాడ లేచి, రెండు మూడు మీటర్లు దాటిపోతుంది. లోపల బోలుగా ఉండే ఆ కాడ చివర తెల్లటి పొడవాటి గొట్టం పూలు, గొంతులో ఎర్రటి ఊదా చారలు, మంచి వాసన. కాయలు పండాక తల్లి దుంప చచ్చిపోతుంది. చుట్టూ పుట్టిన పిల్ల దుంపలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మన దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు, దీనికి కావాల్సిన చలి అసలే లేదు. గ్రీన్ నెట్ కట్టినా మిద్దె వేడికి దుంప ఆగదు. నీళ్లు ఎక్కువ పోస్తే కుళ్లిపోతుంది కూడా.

తెల్లటి పెద్ద పూలే కావాలంటే క్రైనం లిల్లీ పెట్టుకోండి. ఎండకు తట్టుకుంటుంది, ఏటా పూస్తుంది. దాని దుంప విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే అందకుండా చూసుకోండి.