మేస్త్రి జవాబు: గోడ నుంచి వాలిన వంటింటి కబోర్డు

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. పోయిన శ్రావణంలో గృహప్రవేశం చేసుకున్నాం. వంటింట్లో గోడకి నాలుగు కబోర్డులు బిగించారు. అన్నీ 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు, వెనక మాత్రం సన్న పలక. పది నెలలు తిరక్కుండానే స్టవ్ పక్కనున్న కబోర్డు పైభాగం గోడని వదిలి అర అంగుళం ముందుకి వాలింది. తలుపుల బందులు కూడా ఊగుతున్నాయి. మా అత్తగారు దాచుకున్న బుడితి ఇత్తడి గిన్నెలన్నీ అందులోనే ఉన్నాయి. బిగించినాయన వచ్చి చూసి, ఇంకాస్త పొడుగు స్క్రూలు వేస్తే సరిపోతుందమ్మా అంటున్నాడు. తీసిన స్క్రూలు నల్లగా ఉన్నాయి, ఒకదానికి తల ఊడిపోయింది. దాని కింద నిలబడి వంట చెయ్యాలంటే టెన్షన్‌గా ఉంది. ఏ స్క్రూలు వెయ్యమని చెప్పాలి?
– ఒక టీచరు, నరసన్నపేట

జవాబు: అమ్మా, ముందు ఆ ఇత్తడి గిన్నెలు ఇవాళే కిందకి దించండి. స్టీలు సామాను కూడా తీసెయ్యండి. ఖాళీ కబోర్డు ఎలాగోలా నిలబడుతుంది, నిండుది ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. బుడితి గిన్నెలు దళసరివి. వాటిని మళ్ళీ పైకి ఎక్కించొద్దు, కింది అరలోనే పెట్టుకోండి.

ఇక స్క్రూల సంగతి. మీకు వేసిన నల్లవి జిప్సం స్క్రూలు. సీలింగు పనిలో జిప్సం పలకని ఫ్రేముకి పట్టించడానికి చేసినవి. వాటి ఉక్కు బాగా గట్టిది, కానీ పెళుసు. పలకని అదిమి పట్టడం వాటి పని. బరువు అడ్డంగా వేలాడితే వంగవు, టక్కున విరుగుతాయి. మీకు తల ఊడినది అందుకే. చౌక, మిషన్‌తో చకచకా దిగిపోతాయి, అందుకని మా వాళ్ళు చాలామంది ప్రతి పనికీ అవే వాడేస్తున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. వంటింట్లో గోడకి వేలాడే కబోర్డుకి ఆ స్క్రూ వెయ్యకూడదు.

పొడుగు స్క్రూ మాట కూడా సరైంది కాదు. తలుపు మందం 18 మిల్లీమీటర్లు. బందుకి 25 మిల్లీమీటర్ల స్క్రూ వేస్తే ముందువైపు లామినేట్ పొడుచుకుని బయటికి వస్తుంది. అక్కడ 16 మిల్లీమీటర్లదే వెయ్యాలి. గోడ వైపు మీ సమస్య పొడవుది కాదు, స్క్రూ దేన్ని పట్టుకుని ఉందన్నదే. వెనకున్న సన్న పలకలోంచి గోడకి కొట్టి ఉంటారు. అంటే నాలుగు అరల బరువూ ఆ పలక మీదే వేలాడుతోంది. స్క్రూ గోడలో గట్టిగానే ఉన్నా పలక దాని తల చుట్టూ నలిగి, పక్కపలకల్లో తాను కూర్చున్న గాడిలోంచి జారుతుంది. అలాంటి చోట ఆరంగుళాల స్క్రూ వేసినా అంతే.

మా నాన్న టేకు, పనస చెక్కలతోనే పని చేశారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది కూడా పనస చెక్కతోనే. ఆ చెక్కలో మర దిగితే నార దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పార్టికల్ బోర్డులో నార ఉండదు. చెక్క ముక్కల్ని జిగురుతో కలిపి వత్తిన పలక అది. పైనా కిందా కాస్త గట్టిగా ఉన్నా మధ్యలో గుల్ల. విజయనగరంలో ఈ బోర్డులు కొత్తగా వచ్చిన రోజుల్లో, కంటోన్మెంట్ వైపు ఒక ఇంట్లో టేకుకి వాడే మామూలు స్క్రూలతోనే తలుపులు బిగించాను. ఆరు నెలలకి మూడు తలుపులు ఊడాయి. స్క్రూతోపాటు పొట్టు రాలింది. నా డబ్బుతో మళ్ళీ చేసిచ్చాను. బోర్డుని బట్టి స్క్రూ ఎంచుకోవాలని ఆ ఇల్లు నాకు నేర్పింది.

బోర్డుకి చిప్‌బోర్డ్ స్క్రూ అని అడగండి. కాడ సన్నగా, మర చుట్లు వెడల్పుగా, లోతుగా, ఎడంగా ఉంటాయి. అవి ఎక్కువ పొట్టుని పట్టుకుంటాయి. రెండు పలకల్ని మూలలో కలపడానికి ఇంకా మంచిది కన్ఫర్మాట్ స్క్రూ, 7×50 సైజు, అంటే లావు 7, పొడవు 50 మిల్లీమీటర్లు. వేలంత లావుగా కనిపించి భయపెడుతుంది, ఎలెన్ కీతో (ఆరు పలకల వంపు కడ్డీతో) తిప్పుతారు. దానికి మెట్టు ఉన్న బిట్ వేరే దొరుకుతుంది. అడ్డపలక అంచులో 5 మిల్లీమీటర్లు, పైన పక్కపలకలో 7 మిల్లీమీటర్లు రంధ్రం పడుతుంది. ఆ బిట్ లేకుండా దాన్ని బలవంతంగా దింపితే అంచు చీలిపోతుంది.

రంధ్రం ముందుగా వెయ్యకుండా ఏ స్క్రూ కూడా బోర్డులోకి దింపనివ్వకండి. 4 మిల్లీమీటర్ల స్క్రూకి 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల బిట్. ఎండీఎఫ్ (మెత్తటి చెక్క నారని జిగురుతో వత్తిన బోర్డు) అయితే ఇది మరీ ముఖ్యం, అంచులో స్క్రూ పొరల మధ్య దూరి ఉబ్బిస్తుంది. మూల నుంచి కనీసం రెండంగుళాలు వదలాలి. రెండు పలకలు కలిపేటప్పుడు పై పలకలో రంధ్రం స్క్రూ దూరేంత వదులుగా ఉండాలి. లేకపోతే మర రెండింట్లోనూ పట్టి మధ్యలో సందు ఉండిపోతుంది. ఇంకో మాట, మిషన్ క్లచ్ (ఎంత బలంగా తిప్పాలో పెట్టుకునే చుట్టు) తక్కువలో పెట్టి, ఆఖరి రెండు చుట్లు చేత్తో తిప్పాలి. బోర్డులో స్క్రూ బిగిసిన తర్వాత ఇంకో అర చుట్టు తిప్పితే చాలు, లోపల మర పొడైపోతుంది. అప్పుడు తల బిగుతుగానే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు.

మీ కబోర్డుకి ఇలా చేయించండి. దాన్ని పూర్తిగా కిందకి దించాలి. 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) ప్లైవుడ్‌లో నాలుగంగుళాల వెడల్పు పట్టీలు రెండు కోయించాలి. ఒకటి పైపలక కిందే, ఇంకొకటి అడుగున, వెనక పలకకి ఆనించి లోపలివైపు. రెండు పక్కపలకల్లోంచీ 4×50 చిప్‌బోర్డ్ స్క్రూలు పట్టీ అంచులోకి, పైపలకలోంచి కూడా రెండు. ఇప్పుడు బరువు పెట్టె నుంచి పట్టీకి, పట్టీ నుంచి గోడకి వెళ్తుంది.

గోడ స్క్రూకి లెక్క చెప్తాను, రాసుకోండి. పట్టీ 18, వెనక పలక 6, ప్లాస్టరింగ్ 12 నుంచి 15 మిల్లీమీటర్లు. అంటే ఇటుక తగలకుండానే 40 దాకా అయిపోయింది. ఇటుకలో ఇంకో 40, 50 దిగాలి. కాబట్టి 80, 90 మిల్లీమీటర్ల స్క్రూ కావాలి. ఇక్కడ మాత్రం పొడవు అవసరమే. ఫిషర్లంటారే, ఆ ప్లాస్టిక్ ప్లగ్ ప్లాస్టరింగులో ఆగిపోకుండా ఇటుకలోకి వెళ్ళి కూర్చోవాలి. 8 మిల్లీమీటర్ల ప్లగ్‌కి 5 లేదా 6 మిల్లీమీటర్ల స్క్రూ. తల కింద వాషర్ తప్పనిసరి. రెండడుగుల పెట్టెకి పైన రెండు, కింద రెండు. ఇటుకల మధ్య సిమెంటు కీలులో రంధ్రం పడితే కాస్త జరిపి ఇంకోటి వెయ్యమనండి. మీది గుల్ల బ్లాకుల గోడైతే మామూలు ప్లగ్ పట్టదు. షాపులో గోడ రకం చెప్పి దానికి తగ్గది తీసుకోవాలి.

తలుపుల బందుల రంధ్రాలు వదులైపోయాయి కదా. వాటిని పక్కకి జరపనక్కర్లేదు. 8 మిల్లీమీటర్ల బిట్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టుకుని, 12 మిల్లీమీటర్ల లోతు మించకుండా రంధ్రం వేసి, జిగురుతో గుండ్రటి చెక్క డోవెల్ దింపాలి. ఒక రోజు ఆరనిచ్చి, పైకి మిగిలింది కోసేసి, అందులో 2.5 బిట్‌తో చిన్న రంధ్రం వేసి 3.5×16 స్క్రూ పెడితే మొదటికంటే గట్టిగా ఉంటుంది. అగ్గిపుల్లలు కుక్కి బిగించడం ఒక వారం పనికొస్తుంది, అంతే.

మిగతా మూడు కబోర్డులకీ అవే నల్ల స్క్రూలు వేసి ఉంటారు. అవి వాలేదాకా ఆగకండి. పని చేసినాయన మీద కోపం పెట్టుకోకుండా ఈ జవాబు చదివి వినిపించండి. మనసున్న పనివాడైతే సామాను ఖర్చు తీసుకుని చేసిస్తాడు.

ప్రశ్న: మాది కళింగపట్నం. ప్లైవుడ్ కబోర్డులే, అయినా రెండేళ్ళకి స్క్రూలన్నీ తుప్పు పట్టి, తెల్ల లామినేట్ మీద ఎర్రటి చారలు దిగాయి. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు

జవాబు: సముద్రం గాలికి మామూలు జింకు పూత స్క్రూ ఎక్కువ కాలం ఆగదు బాబూ. మీ ఊళ్ళో స్టెయిన్‌లెస్ స్టీలు 304 వాడండి. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అతుక్కుంటే అది ఆ రకం కాదు. ఈ స్టీలు కాస్త మెత్తన, మిషన్‌తో వేగంగా తిప్పితే తల గాడి చెడిపోతుంది. రంధ్రం వేసి, మరకి కొంచెం మైనం రాసి, చేత్తో తిప్పండి. సబ్బు మాత్రం రాయొద్దు, అది తేమని లాక్కుని తుప్పు పెంచుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పలాస వైపు చాలా వంటిళ్ళు చూశాను. నీరు తగిలిన పార్టికల్ బోర్డు ఉబ్బి, స్క్రూలు వేళ్ళతో లాగితే వచ్చేశాయి. ఐఎస్ 710 ముద్ర (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉన్న ప్లైవుడ్ ఆరబెడితే నిలబడింది. అందుకే సింకు కింది పెట్టెకి మాత్రం ఖర్చుకి వెనకాడకుండా ఆ ముద్ర చూసే కొనమంటాను.

పాతవి తుప్పుకి తిరగకపోతే, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ కొనని స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించి, చల్లారాక తిప్పండి. అన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి తీసి, దాని చోట కొత్తది వేసి, తర్వాతదానికి వెళ్ళండి. లేకపోతే తలుపుల వరస తప్పుతుంది.