చిల్లిగవ్వ, చిల్లు నాణెం

సందేహం: ఈమధ్య షాంఘై మ్యూజియంలో పాతకాలపు చైనా నాణేలు చూశాను. వీపున చిల్లు పెట్టిన గవ్వలు, నడుమ నలుచదరపు చిల్లున్న గుండ్రటి నాణేలు, వాటిని తాడుకు గుచ్చిన దండలు ఉన్నాయి. ఆ నాణేన్ని ఇంగ్లీషులో ‘క్యాష్’ అంటారట. అది మన ‘కాసే’నా? అక్కడ చిల్లు ఉన్నదే చెల్లితే, మన చిల్లిగవ్వ ఎందుకూ కొరగానిది ఎలా అయింది? ఆ దండను తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఆ నాణెం పేరు మన వైపుదే. దక్షిణాది ‘కాసు’ పోర్చుగీసువాళ్ల నోట మారి ఇంగ్లీషుకు చేరింది. బ్యాంకులో అడిగే ‘క్యాష్’ మాత్రం వేరు. దాని మూలం ‘పెట్టె’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట. ఈ రెంటినీ కలిపేసి ‘కాసు నుంచే నగదు క్యాష్ పుట్టింది’ అని రాయడం పొరపాటు.

ఇక గవ్వ. చైనాలోని అన్‌యాంగ్‌లో 1976లో తవ్విన షాంగ్ వంశపు రాణి ఫూహావ్ సమాధిలో 6,800కు పైగా గవ్వలు దొరికాయి. గవ్వ బొమ్మే చైనా లిపిలో ‘బెయ్’ అనే అక్షరమైంది. పాత లిపిలో కొనడం, అమ్మడం, ఖరీదు, సంపద, ఈ మాటలన్నిటి కిందా ఆ గవ్వ కూర్చుని ఉంటుంది. నాకు బాగా నచ్చింది ‘పేద’ అన్న అక్షరం: పైన ‘పంచు’, కింద ‘గవ్వ’. ఉన్న కాస్తా పంపకాల్లో పోయిందన్నమాట!

అక్కడ చిల్లు దారానికి గుచ్చడానికి కావాలని పెట్టింది. క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ చక్రవర్తి చదరపు చిల్లున్న ‘బన్ లియాంగ్’ నాణేన్ని అంతటా చెలామణిలోకి తెచ్చాడు. బన్ లియాంగ్ అంటే అర లియాంగు, అంటే తూకం పేరే నాణెం పేరయింది. మన దగ్గర తిరగబడింది చూడండి: నాణెం పేరైన కాసు, బంగారం కొట్లో 8 గ్రాముల తూకమయింది.

మన జాతీయంలోని చిల్లి అలాంటిది కాదు, అది దెబ్బతిన్న గవ్వ. గవ్వే అన్నిటికన్నా తక్కువ విలువది, అదీ చిల్లిపడితే ఇంకేముంది? అందుకే ఈ మాట ‘లేదు’, ‘ఇవ్వను’ వంటి వాటితోనే కలిసి వస్తుంది. ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అంటాం. ‘నా దగ్గర చిల్లిగవ్వ ఉంది’ అని ఎవరూ అనరు. ‘చిల్లిగవ్వంత సాయం చేశాడు’ అని ఈమధ్య చూశాను, అది తెలుగు నుడికారం కాదు. చిల్లుతోనే తయారై చెల్లిన నాణెం మనకూ లేకపోలేదు. యుద్ధకాలంలో, 1943 నుంచి, రాగి పొదుపు కోసం నడుమ చిల్లుతో కానీలు (అణాలో నాలుగో వంతు నాణేలు) కొట్టారు.

దండకు కొత్త మాట అక్కర్లేదు. ‘కాసుల పేరు’లో పేరు అంటే నామం కాదు, దండ. ముత్యాల పేరు అన్నట్టే. నగ అనుకుంటారేమోనన్న అనుమానం ఉంటే ‘నాణేల పేరు’ అనండి. చైనా లెక్కలో దండకు వెయ్యి నాణేలు కాబట్టి, ‘వెయ్యి నాణేలు ఒక పేరు’ అంటే సరిగ్గా సరిపోతుంది.