వరంగల్ కార్పొరేషన్‌లో వందల కోట్ల బడ్జెట్ పెట్టినా మా కాలనీ మోరీకి పైసలు ఎందుకు ఉండవు?

బడ్జెట్‌లో కనిపించే మొత్తమంతా కార్పొరేషన్ చేతిలో ఉండే డబ్బు కాదు. అందులో రెండు భాగాలుంటాయి. ఆస్తి పన్ను, నల్లా బిల్లులు, ఇంటి పర్మిషన్ ఫీజుల వంటివి సొంత ఆదాయం. మిగతాది కేంద్ర, రాష్ట్ర గ్రాంట్లు. ఇవి వస్తాయన్న అంచనాతో రాసుకునే అంకెలు, రాకపోతే కాగితం మీదే మిగిలిపోతాయి. వచ్చినా చాలావరకు ఫలానా పనికే అన్న షరతు ఉంటుంది. 2016లో వరంగల్ కేంద్రం స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైంది, కానీ ఆ నిధులను మీ గల్లీ మోరీకి మళ్లించే వీలు లేకపోయింది.

సొంత ఆదాయంలోంచి ముందు జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుద్ధ్యం ఖర్చులు పోతాయి. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. కొత్త రోడ్లు, మోరీలకు దక్కేది ఆ తర్వాత మిగిలిందే.

2020 ఆగస్టులో నగరం నీట మునిగింది. ఆ అనుభవం తర్వాత కూడా లోతట్టు కాలనీల మోరీలు చివరి వరుసలో ఉండటం అన్యాయమనే నా అభిప్రాయం.

మీరు చేయగలిగింది ఉంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, బడ్జెట్ తయారయ్యే చలికాలంలోనే కాలనీవాసులంతా సంతకాలు పెట్టి దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. 2019 మున్సిపల్ చట్టమే ప్రతి డివిజన్‌కు యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో నాలుగు వార్డు కమిటీలు ఉండాలంటుంది. మీ డివిజన్ కమిటీల్లో ఎవరున్నారో అడగండి. మంజూరైందని చెప్పి పని మొదలుపెట్టకపోతే, టెండర్ వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.