అమ్మానాన్నలకి ఒక పాస్, మీకు ఇంకో పాస్

జర్మనీలో ఉద్యోగంలో కుదురుకున్నాక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ ముచ్చట వస్తుంది. అమ్మానాన్నలు మూడు నెలల వీసా మీద వస్తారు. మీరు రెండు వారాలు సెలవు పెట్టి పారిస్, జ్యూరిక్, మిలాన్, వెనిస్ చూపించాలనుకుంటారు. అందరికీ తలో యూరైల్ పాస్ (యూరప్‌లో చాలా దేశాల రైళ్ళు ఎక్కనిచ్చే పాస్) కొనేస్తే టిక్కెట్ల గొడవే ఉండదు కదా అనిపిస్తుంది.

అసలు యూరైల్ మీకు ఇవ్వరు. అది యూరప్ బయట ఉండేవాళ్ళకి. పాస్ ఇచ్చేవాళ్ళు చూసేది పాస్‌పోర్టు కాదు, మీరు ఉంటున్న దేశం. కాబట్టి అమ్మానాన్నలకి యూరైల్, మీకు ఇంటర్‌రైల్ (యూరప్‌లో ఉండేవాళ్ళకిచ్చే అలాంటి పాసే). రెండూ ఒకే యాప్‌లో నడుస్తాయి, ధరలూ దగ్గరగానే ఉంటాయి. తేడా తెలిసేది జర్మనీ లోపల. ఇంటర్‌రైల్‌తో సొంత దేశంలో (మీ లెక్కలో అది జర్మనీయే, నవ్వొస్తే నవ్వుకోండి) బయటికి వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే ప్రయాణం చేయొచ్చు. అదే ట్రిప్పులో బెర్లిన్, మ్యూనిక్ కూడా కలిపితే నాన్నగారి పాస్ చెల్లుతుంది, పక్క సీట్లో ఉన్న మీరు మాత్రం టిక్కెట్టు కొనుక్కోవాలి.

ఇక పాస్ గిట్టుబాటు అవుతుందా అన్నది. నెలలో 4 రోజులు తిరిగే గ్లోబల్ పాస్ (ఒక్క దేశానికి కాకుండా పాస్‌లోని దేశాలన్నిటికీ చెల్లేది) సెకండ్ క్లాసులో, నేను చివరిసారి చూసినప్పుడు, పెద్దవాళ్ళకి రోజుకి 70 యూరోల దాకా పడింది. 27 ఏళ్ళలోపు వాళ్ళకి, 60 దాటినవాళ్ళకి కొంత తగ్గుతుంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకి పెద్దవాళ్ళతో ఉచితం, ఒక్కొక్క పెద్ద పాస్ మీద ఇద్దరి దాకా. ఇప్పుడు మీరు వెళ్ళే రోజుల్ని కాగితం మీద రాసి, ఒక్కో రోజుకీ ముందుగా కొంటే టిక్కెట్టు ఎంతో పక్కనే వేయండి. జర్మనీలో స్పార్‌ప్రైస్ టిక్కెట్లు (ఫలానా బండికే చెల్లే చవక టిక్కెట్లు) కొన్ని నెలల ముందే దొరుకుతాయి. ఫ్రాన్స్, ఇటలీ వేగం బండ్లకీ ముందుగా కొంటే చవక. హోటళ్ళు, తేదీలు ఖాయమైపోయిన నాలుగు ఊళ్ళ ట్రిప్పుకి నేను వేసిన లెక్కల్లో చాలాసార్లు మామూలు టిక్కెట్లే నెగ్గాయి.

పైగా పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. జర్మనీ వేగం బండ్లు ఐసీఈల్లో మామూలుగా రిజర్వేషన్ లేకపోయినా ఎక్కేయొచ్చు. ఫ్రాన్స్ టీజీవీలు, యూరోస్టార్, ఇటలీ ఫ్రెచ్చరోస్సా లాంటి వేగం బండ్లు, జ్యూరిక్ నుంచి మిలాన్ వెళ్ళే బండ్లు అలా కావు. పాస్ పైన మళ్ళీ రిజర్వేషన్ డబ్బులు కట్టాలి, తలకింత చొప్పున. అన్నిటికంటే చిక్కేమిటంటే, కొన్ని బండ్లలో పాస్ వాళ్ళకి కేటాయించిన సీట్లు కొన్నే ఉంటాయి.

ఇది నేను నేర్చుకున్నది జర్మనీలోని కార్ల్స్‌రూ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద. మా నాన్నగారిని సూట్‌కేసు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, పాస్ ఉందిగా అన్న ధీమాతో ఫోన్లో పారిస్ బండికి సీట్లు వెతికాను. పాస్ సీట్లు అయిపోయాయి. మామూలు సీట్లు ఉన్నాయి, ఆఖరి నిమిషం ధరకి. తప్పు నాదే, వారం ముందు చేయాల్సిన పని. జేబులో పాస్ పెట్టుకుని ఆ టిక్కెట్లు కొన్నాను. మూడు రోజులపాటు నాన్నగారు ఎవరు ఫోన్ చేసినా ఆ ధరని రూపాయల్లోకి మార్చి మరీ చెప్పారు.

అలాగని పాస్ దండగ అనను. ఈ రోజు వాన పడుతోంది, రేపు వెళదాం అనుకునే తరహా ప్రయాణమైతే పాసే కొనండి. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో చాలా బండ్లకి రిజర్వేషన్ అక్కర్లేదు, అక్కడ పాస్ నిజంగా హాయి. రాత్రి బండికి ఇంకో లాభం: అర్ధరాత్రి లోపు ఎక్కి, తర్వాత బండి మారకపోతే బయల్దేరిన ఆ ఒక్క రోజే లెక్క. బెర్తు డబ్బులు మాత్రం వేరే కట్టాలి.

టిక్కెట్ల దారి పడితే, మధ్యలో మారాల్సిన ప్రయాణానికి విడివిడిగా చవక టిక్కెట్లు కొని అతికించకండి. ఒకే బుకింగ్‌గా కొంటే, మొదటి బండి ఆలస్యమై చేరాల్సిన చోటికి 20 నిమిషాలో అంతకు మించో లేటయ్యేలా ఉన్నప్పుడు, ఫలానా బండే ఎక్కాలన్న స్పార్‌ప్రైస్ నిబంధన పోయి తర్వాతి బండి ఎక్కొచ్చు. విడిగా కొన్నదానికి ఆ హామీ ఉండదు. ఎంత చవకైనా, పెద్దవాళ్ళతో ఆరు నిమిషాల కనెక్షన్ తీసుకోకండి. లిఫ్ట్ దొరికేసరికే నాలుగు నిమిషాలు అయిపోతాయి.

గ్లోబల్ పాస్ దేశాల్లో బ్రిటన్ కూడా ఉందని లండన్ కలిపేయకండి. అమ్మానాన్నల షెంగెన్ వీసా గానీ మీ జర్మన్ రెసిడెన్స్ కార్డు గానీ అక్కడికి పనికిరావు, వేరే వీసా కావాలి.

మిగతా రోజులు ఇంటి చుట్టుపక్కల తిరగడానికి అమ్మానాన్నలకి డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతా చెల్లే నెల పాస్) చాలు. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 అయింది. రీజనల్ బండ్లు, సిటీ బస్సులు, ట్రాములు అన్నీ ఎక్కొచ్చు, ఐసీఈ మాత్రం కాదు. పేరు మీద ఇస్తారు కాబట్టి మీది వాళ్ళ చేతికిచ్చి పంపకండి. నెలనెలా దానంతటదే రెన్యూ అవుతుంది. వాళ్ళు వెళ్ళే నెల 10వ తేదీలోపు క్యాన్సిల్ చేయకపోతే, వాళ్ళు ఇండియాలో ఉండగా ఇక్కడ మీ ఖాతాలోంచి ఇంకో నెల డబ్బు పోతుంది.