క్లయింట్ రోజుకొకటి అడుగుతుంటే ప్రాజెక్టు స్కోప్‌ని, అంటే ఒప్పుకున్న పని పరిధిని, అదుపులో ఎలా పెట్టాలి?

మొదటిసారి లీడ్ అయ్యానని, మూడు నెలల పని ఆరో నెలలో పడిందని, క్లయింట్ రోజూ "చిన్నదే కదా" అంటూ ఏదో ఒకటి అడుగుతుంటే సంబంధం చెడుతుందేమోనని కాదనలేకపోతున్నానని రాశారు. హైదరాబాద్‌లో పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుపుతున్నాను కాబట్టి ఆఫీసు సంగతులే చెప్పొచ్చు. కానీ ఈ విషయం నాకు ఒంటబట్టింది మాత్రం 2018లో తణుకు దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టించినప్పుడు. ఆఫీసులో ఏ మార్పు కావాలన్నా అందరి చేతా చేంజ్ రిక్వెస్ట్ ఫారం నింపించే నేను, సొంత ఇంటి దగ్గర ఒక్క కాగితం రాసుకోలేదు.

రెండు బెడ్‌రూములు, 1,200 చదరపు అడుగుల స్లాబు. అనుకున్నది 20 లక్షలు, ఎనిమిది నెలలు. అయింది 26 లక్షల పైచిలుకు, పద్నాలుగు నెలలు. సిమెంటు ధర పెరిగిందనో ఇసుక దొరకలేదనో చెప్పుకోవచ్చు గానీ, అసలు కారణం అది కాదు.

ఒక్క గోడ కథ చెబుతాను. స్లాబు పడింది, సెంట్రింగ్ తీసేశాం, గోడలు కిటికీ మట్టం దాకా లేచాయి. ఒక ఆదివారం మా అత్తయ్యగారు వచ్చి వంటగదిలో నిలబడి, "ఇద్దరు ఆడవాళ్లుంటే మసలడానికి చోటేదీ బాబూ, ఈ గోడ ఓ రెండడుగులు హాల్లోకి జరపరాదూ" అన్నారు. సబబుగానే తోచింది. మేస్త్రీ వైపు చూశాను. "రెండడుగులే కదండీ, ఒక్కపూట పని" అన్నాడు. సరే అన్నాను. భోజనాల వేళకి పాత గోడ నేల మీద ఉంది.

మర్నాటి నుంచి ఒక్కొక్కటే బయటపడింది. పాత గోడ కింద ప్లింత్ బీమ్ ఉంది, అంటే గోడ బరువు మోయడానికి నేలమట్టంలో పోసే కాంక్రీటు దూలం. కొత్త చోట కింద ఉన్నది నింపిన గ్రావెలే. దాని మీద గోడ లేపితే రేపు కుంగుతుంది, కాబట్టి తవ్వి చిన్న బీమ్ పోయాలి. పైన స్లాబు బీమ్ పాత గోడ ఉన్నచోటే ఉండిపోయింది, ఇప్పుడది వంటగదిలో నెత్తిమీద కనబడుతుంది. హాలు ఫ్యాను డబ్బా స్లాబుతో పాటే పోసేశాం, దాన్ని జరపలేం. హాలు రెండడుగులు తగ్గితే దాని మధ్య ఒక అడుగు జరుగుతుంది కదా. మా హాల్లో ఫ్యాను ఇప్పటికీ ఒక అడుగు పక్కకే తిరుగుతుంది. వచ్చిన ప్రతి చుట్టం తలెత్తి చూసి ఒకసారి అడుగుతాడు. ఆ రెండడుగులకీ 41 వేలు, పదకొండు రోజులు.

మేస్త్రీ అబద్ధం చెప్పాడని అనను. గోడ కట్టడం నిజంగానే ఒక్కపూట పని. అతను గోడ గురించి చెప్పాడు, నేను ఇంటి మొత్తానికి అన్వయించుకున్నాను. ఆఫీసులోనూ ఇదే జరుగుతుంది. ఒక క్లయింట్ సెలవుల రిపోర్టులో "మంజూరు చేసినవారి పేరు" అని ఒక్క కాలమ్ అడిగాడు. మా డెవలపర్ గంట పని అన్నాడు. తీరా చూస్తే ఆ పేరు సిస్టంలో ఎక్కడా దాచడమే లేదు. స్క్రీన్ మార్చి, డేటాబేస్ మార్చి, మళ్లీ మొత్తం టెస్టింగ్ చేసేసరికి రెండు వారాలు గడిచాయి. అందుకే "ఎంతసేపు పడుతుంది?" అని అడగడం నేను మానేశాను. "దీనికి ఏమేం తగులుతాయి?" అని అడుగుతాను, అదీ ఒక రోజు టైమిచ్చి. నిలబడ్డచోట చెప్పే అంచనాకి విలువ లేదు.

గోడ దెబ్బ తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ కొని సిమెంటు బస్తాల గదిలో మేకుకి వేలాడదీశాను. ఏం కావాలి, ఎవరు అడిగారు, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, నాన్నగారి సంతకం. ఇవే గళ్లు. ఎవరు ఏం అడిగినా కాదనలేదు, పుస్తకంలో రాయించాను. తమాషా ఏమిటంటే "ఎవరు అడిగారు" అన్న గడి దగ్గరే సగం కోరికలు ఆగిపోయాయి. పోర్టికో నాలుగడుగులు ముందుకి లాగమన్న మా బాబాయి, పక్కన 65 వేలు అన్న అంకె చూసి, "నేను ఊరికే అన్నానురా" అన్నాడు. పెరట్లో కాళ్లు కడుక్కోవడానికి కుళాయి కావాలని అమ్మ అడిగితే 1,800 రూపాయలు, సగం రోజు. నాన్నగారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. మార్పులన్నీ చెడ్డవని నేననడం లేదు, ఆ కుళాయి లేకుండా ఆ ఇల్లు ఊహించుకోలేం. సంతకం ఒక్కరిదే ఉండాలి. అంతకుముందు మేస్త్రీకి మా ఇంట్లో అయిదుగురు యజమానులు.

ఇంకో పొరపాటు మొదట్లోనే చేశాను. లేబర్ కాంట్రాక్టు చదరపు అడుగు రేటు బాగా తగ్గించి మాట్లాడానని మురిసిపోయాను. మేస్త్రీకి మిగిలేది ఎక్స్‌ట్రాల్లోనే అని తర్వాత తెలిసింది. అది మోసం కాదు, ఆ పని నడిచే తీరే అంత. సజ్జలు కొలతలోకి వస్తాయా, మెట్ల కింద బాత్రూం లెక్కలో ఉందా, సంపు ఎవరు కడతారు? ఏదీ రాసుకోలేదు. ఏమేం చేస్తారో అందరూ రాసుకుంటారు. ఏమేం చేయరో, అదనపు పని వస్తే ఏ రేటో కూడా మొదటి రోజే రాసుకోవాలి. పని మధ్యలో బేరమాడితే గెలిచేది మేస్త్రీయే.

కొన్ని పనులకి వెనక్కి రాలేని రోజులుంటాయి. పునాది కాంక్రీటు, స్లాబు, ప్లాస్టరింగ్. వాటికి ముందురోజే అందరినీ పిలిచి చూపించాలి. పునాదికి ముగ్గు పోసిన రోజున ఆ గీతల మధ్య ఒక స్టూలు వేసి "ఇదే స్టవ్వు" అని అత్తయ్యగారిని నిలబెట్టి ఉంటే ఆ రెండడుగులూ అప్పుడే తేలేవి. ఖర్చు గుప్పెడు ముగ్గు. ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాం. పైన ఇంకో అంతస్తు వేస్తామా లేదా అన్నది తవ్వకముందే తేల్చాలని నాన్నగారు పట్టుబట్టారు, పిల్లర్లూ ఇనుమూ ఆ లెక్కనే పెట్టించాం. సిడ్నీ ఒపేరా హౌస్‌కి అదే జరగలేదు. పైకప్పు డిజైన్ తేలకుండానే 1959లో పని మొదలుపెట్టారు. ఆ బరువుకి కింది స్తంభాలు చాలవని తర్వాత తేలి మళ్లీ కట్టాల్సి వచ్చింది. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు అనుకున్నది 1973లో తెరిచేనాటికి 10 కోట్ల 20 లక్షలయింది.

మీ విషయానికొస్తే, ఈ వారమే ఒక షీటు తెరవండి. మొదట ఒప్పుకున్నవి ఒకవైపు, తర్వాత చేరినవి ఇంకోవైపు, ఒక్కోదానికి పట్టిన రోజులతో. ఫిర్యాదులా కాకుండా మామూలుగా క్లయింట్ ముందు పెట్టి, "ఈ తేదీకి ఇవ్వాలంటే వీటిలో ఏవి తర్వాత చూద్దామండీ?" అని అడగండి. ఎంచుకోమంటే మనుషులు అంత కోప్పడరు. మీ టీమ్‌ని కూడా గమనించండి. ఎవరూ అడక్కుండానే నునుపు చేస్తూ కూర్చునేది కొంత మనమే. మా ఇంట్లో ఎవరూ అడగని టేకు చెక్కడం తలుపు నాదే, 70 వేలు. ఇంకోటి, పది శాతం అదనంగా పక్కన పెట్టుకోండి గానీ అది ఉందని అందరికీ చెప్పకండి. తెలిస్తే అదీ బడ్జెట్టులో కలిసిపోతుంది.

షీటులో చివర "రెండో విడత" అని ఒక పేజీ ఉంచండి. మా పుస్తకంలో ఆ పేజీకి ఎక్కినవి ప్రహరీ, ముందు ఎలివేషన్, మేడ మీద పందిరి. ప్రహరీ 2021లో కట్టించాం. మిగతా రెండింటి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.